వార్డులోంచి టీకాల పాలసీ వైపు ఎలా పోవాలి?

పాకాల అమ్మాయి, లీడ్స్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చేసి, చంద్రగిరి దగ్గర పీహెచ్‌సీలో మూడేళ్లు పనిచేశాను. ఇంగ్లండ్‌కొచ్చి నాలుగు నెలలైంది. వార్డులో బ్యాండ్ 5, అంటే ఇక్కడి జీతాల మెట్లలో మామూలు నర్సు మెట్టు. నాకేమో టీకాల పాలసీలో పనిచేయాలని ఉంది. ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) లేనిదే జరగదని రూమ్మేట్ అంటోంది. లోన్ తీసుకుని చేరిపోనా?

పుత్తూరు అక్క, బర్మింగ్‌హామ్:
ఇప్పుడే వద్దమ్మా. నీకింకా ఐఎల్ఆర్ రాలేదు. పీహెచ్‌సీలో టీకాలు చల్లగా దాచే ఫ్రిజ్ ఐఎల్ఆర్ కాదు, ఇక్కడ పర్మనెంటుగా ఉండనిచ్చే అనుమతి! అది లేకుండా చేరితే విదేశీ విద్యార్థుల ఫీజు కట్టించుకుంటారు. లోన్ తడిసి మోపెడవుతుంది.

ముందు వార్డులోంచి బయటపడు. స్కూళ్లకెళ్లి టీకాలేసే టీములున్నాయి, జీపీ సర్జరీల్లో, అంటే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల్లో, ప్రాక్టీస్ నర్సు పోస్టులున్నాయి. అక్కడ పీజీడీ అని ఒక పత్రం ఉంటుంది. డాక్టరు ఒక్కొక్కరికీ విడిగా రాసివ్వనక్కర్లేకుండా, అందులో ఉన్న ప్రకారం నర్సే చూసి టీకా వేయొచ్చు. లండన్‌లో తీసుకున్న నిర్ణయం చివరికి మన చేతికొచ్చేది ఆ పత్రంగానే.

నా సంగతి చెప్తా. నేను చేరిన సర్జరీలో ఒకరోజు పొద్దున ఫ్రిజ్ 14 డిగ్రీలు చూపించింది. రాత్రి క్లీనింగుకొచ్చినవాళ్లు వాక్యూమ్ కోసం ప్లగ్ పీకి, మళ్లీ పెట్టడం మర్చిపోయారు. మేనేజరు మొత్తం పారేయమంది. ఊళ్లో కరెంటు పోతే ఐఎల్ఆర్ మూత ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? 'వాడొద్దు' అని చీటీ అంటించి, వేరే ఫ్రిజ్‌లోకి మార్చి, ఎన్ని గంటలు 8 డిగ్రీలు దాటిందో ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్లోంచి తీసి, ఆ ప్రాంతంలో టీకాల కార్యక్రమం చూసుకునే స్క్రీనింగ్ అండ్ ఇమ్యునైజేషన్ టీముకు రాసి పంపాను. కొన్ని వాడుకోవచ్చన్నారు, కొన్ని పారేశాం. తర్వాత అదే టీములో పోస్టు పడింది. ఇంటర్వ్యూలో సగంసేపు ఆ ప్లగ్ కథే! ఎంపీహెచ్ ఆ తర్వాత, పార్ట్‌టైమ్‌లో. ఇప్పటికీ ఏ సర్జరీకి పోయినా ముందు ప్లగ్ మీద స్టిక్కరుందా అని చూస్తా.

రాత్రిళ్లు జేసీవీఐ (ఏ టీకాలు వేయాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల కమిటీ) మినిట్స్ చదువు, ప్రభుత్వ సైట్లో ఫ్రీగానే ఉంటాయి. మెనింజైటిస్ బి టీకాను 2014లో ధర కుదిరితేనే అన్న షరతుతో సిఫారసు చేశారు. బేరం తెగి పసిపిల్లలకు మొదలయ్యేసరికి 2015 సెప్టెంబరు వచ్చింది.

పీలేరు అన్న, మాంచెస్టర్:
అక్క మాట సగమే ఒప్పుకుంటా. లెక్కలు రాకపోతే ఆ మినిట్స్ చదివినా తలకెక్కవు. ఎంపీహెచ్ ఎప్పటికైనా తప్పదు, కాకపోతే తొందర లేదు. పబ్లిక్ హెల్త్ స్పెషలిస్టు కావాలంటే డాక్టరే అయ్యుండాలన్న రూలు కూడా లేదిక్కడ. డాక్టర్లు కానివాళ్ల కోసం యూకేపీహెచ్‌ఆర్ రిజిస్టరు 2003 నుంచీ ఉంది.

ఇంకోటి చెల్లీ, పీహెచ్‌సీ అనుభవాన్ని సీవీలో ఒక్క లైనుతో సరిపెట్టకు. బీసీజీ వయల్ కలిపాక 4 గంటల్లో పారేయాలి గదా. పది డోసుల వయల్, వచ్చింది ఇద్దరు పిల్లలు. తెరవాలా, మళ్లీ రమ్మనాలా? వెనక్కి పంపితే ఆ తల్లి మళ్లీ వస్తుందో రాదో. ఆ రోజు నువ్వేం చేశావో, ఎందుకు చేశావో రాయి.

పాకాల అమ్మాయి:
తెరిచేశానన్నా! నెలాఖరు మీటింగులో వేస్టేజ్ ఎక్కువైందని తిట్లు కూడా తిన్నా. స్కూల్ టీములు వీసా స్పాన్సర్ చేస్తాయా?

పుత్తూరు అక్క:
అన్నీ చేయవు. అప్లై చేసేముందే ఫోన్ చేసి అడుగు. కొత్త స్పాన్సర్ సర్టిఫికెట్ ఇచ్చి, వీసా మారేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టొద్దు. ఆ తిట్ల సంగతి మాత్రం సీవీలో పెట్టు.