కొత్త కృతిని ఒకే సాయంత్రం రెండుసార్లు వాయిస్తే తప్పేంటి?

వెనకవరస:
ఆర్కెస్ట్రా, పైప్ ఆర్గాన్ (గాలితో పైపుల్ని మోగించే పెద్ద మీటల వాయిద్యం) కలిపి వాయించిన కచేరీకి వెళ్లొచ్చాను. మొదట అందరికీ తెలిసిన ఓవర్చర్, అంటే ఆరంభంలో వాయించే చిన్న కృతి. చివర్లో, విరామం తర్వాత, ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్స్ మూడో సింఫనీ, అదే 'ఆర్గాన్ సింఫనీ'. ఈ రెండింటి నడుమ ఈమధ్యే రాసిన పాతిక నిమిషాల కృతి ఒకటి. రాసినవారి పేరు చెప్పను. నా గొడవ ఆ కృతితో కాదు, దాన్ని విన్న జనంతో.

అందులో పాడుకోదగ్గ మెలొడీ లేదు. ఆర్గాన్ పెడల్ (కాళ్లతో నొక్కే మీట) ఒక స్వరం పట్టుకుని వదలదు. దాని మీద తీగ వాద్యాలు పక్కపక్క స్వరాలన్నీ ఒకేసారి మోగిస్తూ మెల్లగా పైకి పాకుతాయి. సగం దాటేసరికి నా ముందు వరసలో ఒకావిడ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆవిడతో కలిసి వచ్చిన కుర్రాడేమో ముందుకు వంగి, నోరు తెరిచి వింటున్నాడు. విరామంలో తలో మాట: "దీన్ని సంగీతం అంటారా?", "దెయ్యం సినిమా బ్యాక్‌గ్రౌండ్ స్కోర్", "చివర్లో ఆర్గాన్ స్వరం జారిపోయింది చూశారా, అక్కడ మాత్రం ఒళ్లు జలదరించింది". నచ్చనివాళ్లు గట్టిగా చెబుతున్నారు. నచ్చినవాళ్లు నసుగుతున్నారు. ఎందుకు నచ్చిందో చెప్పడానికి వాళ్ల దగ్గర ఇంకా మాటల్లేవు.

అందుకే అంటున్నా: విరామానికి ముందోసారి, తర్వాత ఇంకోసారి అదే కృతిని వాయించాలి. ఏమంటారు?

టికెట్‌కొన్నవాడు:
ఒకసారికే చచ్చిపోతుంటే రెండోసారా వెనకవరస గారూ! నేను డబ్బు పెట్టింది సాన్-సాన్స్ కోసం. కొత్తదాన్ని మధ్యలో ఎందుకు ఇరికిస్తారో అందరికీ తెలుసు, విడిగా పెడితే హాలు నిండదు. ఆలస్యంగా వద్దామంటే ఓవర్చర్ పోతుంది, ముందే లేచిపోదామంటే సింఫనీ పోతుంది. 1995లో లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవం ఆఖరి రాత్రి ఏమైంది? జెండాలు ఊపుతూ పాటలు పాడుకుందామని కూర్చున్న జనానికి బ్రిటిష్ స్వరకర్త బర్ట్‌విజిల్ రాసిన 'ప్యానిక్' వినిపించారు. శాక్సఫోన్, డ్రమ్స్, ఒకటే హోరు. బీబీసీకి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ జనం మూర్ఖులా? అడగనిది తెచ్చి నెత్తిన పెడితే ఎవరికైనా కోపం వస్తుంది.

వెనకవరస:
మధ్యలో ఇరికించడం బాగాలేదన్నది ఒప్పుకుంటాను. కానీ మీ సాన్-సాన్స్ కూడా 1886లో లండన్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ అడిగి రాయించుకున్న కొత్త కృతే కదండీ. ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్లెవరికీ అది తెలీదు.

టికెట్‌కొన్నవాడు:
నాకు మాత్రం మొదటిసారే నచ్చింది మరి!

పైపులగది:
నేను ఆర్గాన్ వాయిస్తాను, చిన్నదే లెండి. ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది: మీరిద్దరూ ఒకే హాల్లో కూర్చున్నా విన్నది ఒకే శబ్దం కాదు.

పియానో మీట కొడితే శబ్దం పుట్టిన క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. ఆర్గాన్‌లో మీట నొక్కి ఉంచినంతసేపూ పైపులోకి గాలి వస్తూనే ఉంటుంది, శబ్దం పిసరంత కూడా తగ్గదు. వయొలిన్‌కి కమాను వెనక్కి తిరగాలి, ఫ్లూట్‌కి ఊపిరి కావాలి. ఆ చిన్న చిన్న సందుల్లో మన చెవి తేరుకుంటుంది. ఆర్గాన్ ఆ సందు ఇవ్వదు. చెవులు మూసుకున్నావిడకి రసికత లేదని నేనైతే అనను.

ఇక ఆ పెడల్ స్వరం. 32 అడుగుల పైపులో అట్టడుగు స్వరం సెకనుకి సుమారు 16 కంపనాలు. మనిషి చెవి హద్దు దాదాపు 20. కాబట్టి దాన్ని చెవితో వినడం కన్నా కుర్చీలో, రొమ్ములో తెలియడమే ఎక్కువ. ఆ తరంగం పొడవు 21 మీటర్లు. గోడల మధ్య కొట్టుకుని అది కొన్నిచోట్ల ఉబ్బిపోతుంది, కొన్నిచోట్ల దాదాపు మాయమవుతుంది. కొన్ని వరసలు వెనక్కి జరిగితే మీ అభిప్రాయమే మారొచ్చు.

శ్రుతి సంగతి ఇంకా తమాషా. హాలు ఒక్క డిగ్రీ వేడెక్కితే పైపుల శ్రుతి సెమిటోన్‌లో (పక్కపక్క రెండు స్వరాల మధ్య దూరంలో) నూటికి సుమారు మూడు వంతులు పెరుగుతుంది. వేల పైపుల్ని అప్పటికప్పుడు సరిచేయలేం కాబట్టి ఆర్కెస్ట్రానే ఆర్గాన్‌కి సర్దుకోవాలి. మరి మీకు గరగరలాడినట్టు వినిపించింది రాసిన మనిషి కావాలని పెట్టిందా, ఏసీ పుణ్యమా? సాన్-సాన్స్‌లో అయితే వెంటనే పట్టేస్తారు. మొదటిసారి వింటున్నదాంట్లో ఎలా పడతారు?

తర్కంతాత:
నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఏది నచ్చకపోయినా తప్పు హాలుదో, ఏసీదో, వినేవాడి సీటుదో. రాసినాయనది మాత్రం ఎన్నడూ కాదు! మిల్టన్ బాబిట్ అనే అమెరికన్ స్వరకర్త 1958లోనే ఒక పత్రికలో 'మీరు వింటే ఎంత, వినకపోతే ఎంత' అన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాడు. వీళ్లందరి మనసులో మాట అదే.

వెనకవరస:
ఆ శీర్షిక ఆయన పెట్టింది కాదండీ, పత్రికవాళ్లు తగిలించింది. ఆయన వాదన వేరు. పైస్థాయి గణితం అందరికీ అర్థమై తీరాలని ఎవరూ పట్టుబట్టరు, సంగీతానికి మాత్రం ఆ షరతు ఎందుకని.

తర్కంతాత:
శీర్షిక మారితే సారం మారుతుందా? గణితం చేసేవాడు టికెట్ అమ్మి, తలుపేసి, నా చెవిలో పాతిక నిమిషాలు సిద్ధాంతం నిరూపించడు.

నాలుగోడెస్క్:
తాతగారి మాటకి పగలబడి నవ్వాను. నేను ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్ వాయిస్తాను కాబట్టి ఇటువైపు సంగతి కూడా వినండి. సాన్-సాన్స్ మా వేళ్లకే వచ్చు. కొత్తదానికి దొరికే రిహార్సల్ టైమ్ ఎప్పుడూ చాలదు. కచేరీ రోజున కూడా బార్లు (స్వరలిపిలో తాళం విభాగాలు) లెక్కపెట్టుకుంటూ ఉంటాం, తలెత్తి పక్కవాళ్లని వినే తీరిక ఉండదు. ఆర్గానిస్టుది ఇంకా కష్టం. పైపులు ఎక్కడో పైన ఉంటే తను వాయించింది తనకే ఆలస్యంగా వినిపిస్తుంది. చెవిని నమ్మితే వెనకబడిపోతారు, కండక్టర్ చేతిని చూసే పోవాలి. రెండోసారి వాయిస్తే మేం కచ్చితంగా మెరుగ్గా వాయిస్తాం. మొదటిసారి అది కింద పడకుండా చూసుకోవడమే సరిపోతుంది.

కానీ పాతిక నిమిషాలు రెండుసార్లు, ఆపైన సాన్-సాన్స్ ముగింపు అంటే ట్రంపెట్, ట్రాంబోన్ వాళ్ల పెదాలు ఏం కావాలి? ఆ ప్రోగ్రాం వేసిన నిర్వాహకుడు మా బ్రాస్ వాళ్ల కంట పడకపోవడం మంచిది.

పాతరికార్డు:
రెండుసార్లు వాయించడం కొత్తేం కాదు. జర్మన్ కండక్టర్ హాన్స్ ఫాన్ బ్యూలో బీతోవెన్ తొమ్మిదో సింఫనీనే ఒకే కచేరీలో రెండుసార్లు వాయింపించాడు, అది గంటకు పైమాటే. స్వరకర్త లిగెటి రాసిన 'అట్మాస్ఫియర్స్' 1961లో జర్మనీలోని డోనావెషింగెన్‌లో మొదటిసారి వాయించినప్పుడు శ్రోతలే మళ్లీ కావాలన్నారు, వాయించారు. వెనకవరస గారు చెప్పిన పక్కపక్క స్వరాల మేఘం అందులోదే. దాన్నే సినిమా దర్శకుడు కుబ్రిక్ 1968లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో పెడితే కళ్లప్పగించి చూశాం. తెర ఉంటే నచ్చుతుంది, తెర తీసేస్తే దెయ్యం సినిమా అంటాం.

స్వరకర్త షోన్‌బర్గ్ అయితే 1918లో వియన్నాలో ఏకంగా ఒక సంఘమే పెట్టాడు. కొత్త కృతుల్ని మళ్లీ మళ్లీ వినిపించడం, చప్పట్లు నిషేధం, ఈలలు నిషేధం, విమర్శకులకి ప్రవేశం లేదు, ఏం వాయిస్తారో ముందుగా చెప్పరు. అంతకు ఐదేళ్ల ముందు, 1913 మార్చిలో, ఆయన కండక్ట్ చేస్తున్న కచేరీ కొట్లాటగా మారి మధ్యలో ఆగిపోయింది మరి. అదే ఏడాది మే 29న పారిస్‌లో స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' బ్యాలేకి పెద్ద గోల. మరుసటి ఏప్రిల్‌లో అదే నగరంలో, ఆ బ్యాలేని నడిపించిన కండక్టరే దాన్ని డాన్సు లేకుండా వాయిస్తే జనం స్ట్రావిన్‌స్కీని భుజాలకెత్తుకున్నారు.

తర్కంతాత:
వచ్చాడండీ స్ట్రావిన్‌స్కీ! ఈ చర్చల్లో ఆయన రాకుండా ఉంటాడా? తిట్లు తిన్నదల్లా గొప్పదైపోదు బాబూ. తిట్లు తిని, ఆ తిట్లకు తగ్గట్టే మరుగున పడ్డవి లెక్కలేనన్ని ఉంటాయి. వాటి పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి మీకు ఉదాహరణగా దొరకవు, అంతే.

పాతరికార్డు:
దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఇంకో ఉదాహరణ చూడండి, ఇది బహుశా టికెట్‌కొన్నవాడు గారికే పనికొస్తుంది. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 'ఫోర్ ఆర్గన్స్': నాలుగు ఎలక్ట్రిక్ ఆర్గాన్లు, మరాకాస్ (గిలక్కాయల్లాంటి వాద్యం), ఒకే ఒక్క కార్డ్‌ని (కలిపి మోగించే స్వరాల గుంపుని) అంతకంతకు సాగదీస్తూ పోవడం. 1970లో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో మొదటిసారి వాయించారు, దానికోసమే వచ్చినవాళ్ల ముందు. 1973 జనవరిలో అదే ఊళ్లో, కార్నెగీ హాల్లో, మామూలు సింఫనీ శ్రోతల ముందు పెట్టారు. కేకలు, అరుపులు, ఆపేయమని మధ్యలోనే చప్పట్లు. అదే కార్డ్, అవే మరాకాస్.

టికెట్‌కొన్నవాడు:
నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే కదా! వినాలనుకున్నవాళ్లకి వినిపించండి.

కుర్రచెవి:
రెండుసార్లకే ఇంత గొడవా? జర్మనీలో హాల్బర్‌స్టాట్ చర్చిలో వీలైనంత నెమ్మదిగా వాయించమని అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రాసిన ఆర్గాన్ కృతిని 2001లో మొదలుపెట్టారు, 2640లో అయిపోతుంది. మొదటి 17 నెలలూ నిశ్శబ్దమే. టికెట్‌కొన్నవాడు గారికి ఆ భాగం తప్పకుండా నచ్చుతుంది.

పైపులగది:
కుర్రచెవీ, ఆ నిశ్శబ్దానికి ఆయన డబ్బు వాపసు అడుగుతారు.

వెనకవరస గారు చెప్పిన ఆ చివరి స్వరం జారిపోవడం గురించి ఒక మాట. అది లిగెటి 'వొల్యూమినా'తో పేరుపడ్డ పద్ధతి. ముందు మోచేతులతో మీటలన్నీ నొక్కి ఉంచి, ఆ తర్వాత గాలి మోటార్ ఆన్ చేస్తారు. చివర్లో మీటలు నొక్కి ఉండగానే మోటార్ ఆపేస్తారు. గాలి తగ్గేకొద్దీ ఒక్కో పైపు ఒక్కో తీరుగా నీరసపడుతుంది. కొన్ని శ్రుతి దిగజారతాయి, కొన్ని ఈలవేసి ఆగిపోతాయి. ఎప్పుడు ఏది ఆగుతుందో వాయించేవాడి చేతుల్లో కూడా లేదు. 1962లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో దీన్ని రిహార్సల్ చేస్తుంటే ఆర్గాన్ వైరింగే కాలిపోయింది, అది వేరే కథ. ఈ ముగింపు రెండోసారి వాయిస్తే మొదటిసారిలా రాదు. తాతగారూ, రెండోసారి వినమనడం మీ చేత బలవంతాన మెప్పించడానికి కాదు. మొదటిసారి విన్నదాంట్లో కృతి ఎంత, ఆ రాత్రి ఎంత అని విడదీసుకోవడానికి.

తర్కంతాత:
విడదీశాక కూడా నచ్చకపోతే?

పైపులగది:
అప్పుడు నిక్షేపంగా తిట్టండి. నేనూ కలుస్తాను. ఆర్గాన్ మీద రాసే కొత్తవాటిలో సగం, వాయిద్యం పెద్దగా మోగుతుంది కదా అని మోగించేసేవే.

వెనకవరస:
సరే, ప్రతిపాదన మారుస్తున్నా. కొత్త కృతి ఏ టైముకి మొదలై ఏ టైముకి అయిపోతుందో టికెట్ మీదే వేయాలి. అక్కర్లేనివాళ్లు బయట కూర్చుని సింఫనీకి లోపలికి రావచ్చు. అంతా అయ్యాక, సింఫనీ కూడా ముగిశాక, కొత్తది మళ్లీ ఒకసారి. ఉండేవాళ్లు ఉంటారు, ఎవరికి నచ్చిన సీట్లో వాళ్లు కూర్చోవచ్చు.

టికెట్‌కొన్నవాడు:
ఇది బాగుంది. నేనైతే ఉండను. కానీ నేనెప్పుడూ తీసుకునేది మధ్య వరసలో, నడవ పక్క సీటు. పైపులగది గారి తరంగాలు అక్కడ ఉబ్బుతాయో మాయమవుతాయో ఎవరైనా కూర్చుని చూసుకోండి.

నాలుగోడెస్క్:
సింఫనీ తర్వాతనా?! ఈ లింక్ మా ట్రంపెట్ వాళ్లకి ఎవరూ పంపకండి దయచేసి.