12ఎ కార్ట్రిడ్జ్ రీఫిల్ చేయించాక పేజీ నిండా చుక్కలు. డ్రమ్ పోయినట్టేనా?

జిరాక్స్ కొట్టు, నర్సీపట్నం:
హెచ్‌పీ 1020 ప్రింటర్ వాడుతున్నా. మొన్న దాని 12ఎ కార్ట్రిడ్జ్ (పొడి సిరా డబ్బా) రీఫిల్ చేయించా. అప్పట్నుంచి పేజీకి కుడివైపు నల్లచుక్క, పైనుంచి కిందికి వరసగా నాలుగు చోట్ల పడుతోంది. పైగా నిన్న కార్ట్రిడ్జ్ తీస్తే చొక్కా నిండా పొడి. రీఫిల్ చేసినాయన "డ్రమ్ పోయింది, మూడొందలవుద్ది" అంటున్నాడు. నమ్మమంటారా? అసలే హాల్‌టికెట్ల సీజను.

సురేష్:
బయటికి తీసి అటూ ఇటూ ఊపి పెట్టండి బ్రో.

పాతకాపు:
ఊపితే ప్రింటు వెలిసినప్పుడు నాలుగు పేజీలు ఎక్కువొస్తాయి తమ్ముడూ, చుక్కలు పోవు.

నర్సీపట్నం అన్నా, స్కేలు పెట్టి చుక్కకీ చుక్కకీ మధ్య కొలవండి. ఏడున్నర సెంటీమీటర్లుంటే డ్రమ్మే, అంటే కార్ట్రిడ్జ్‌లో తిరుగుతూ కాగితానికి పొడి అంటించే రోలర్, దాని చుట్టుకొలత అంత. గాటు పడినచోట చుట్టుకోసారి పొడి అంటుతుంది. అంతకన్నా దగ్గరగా పడుతుంటే వేరే రోలర్ చూడాలి. డ్రమ్ మీదుండే మూత, అదే షట్టర్, ఎత్తి ఒక్క క్షణం చూడండి చాలు. వేలు పెట్టొద్దు, ఎండలో అసలొద్దు, వెలుతురుకి డ్రమ్ పాడవుతుంది.

పొడి రాలడం మాత్రం వేరే గొడవ. కాగితానికి ఎక్కకుండా డ్రమ్ మీద మిగిలిన పొడిని, అదే టోనర్‌ని, వైపర్ బ్లేడు గీకి వేస్ట్ అరలోకి తోస్తుంది. చాలామంది కొత్త పొడి పోసిస్తారే గానీ ఆ అర ఖాళీ చెయ్యరు. అది నిండితే పొంగడమే. అడగండి, నీళ్ళు నములుతాడు.

ఆ వేస్ట్ పొడి మళ్ళీ పోయనివ్వకండి. కొత్తలో నేనూ కక్కుర్తిపడి మా ఆవిడ పిండి జల్లెడతో జల్లించి పోశా. అందులో కాగితం నూగు ఉంటుంది, పేజీలన్నీ బూడిదరంగు. రెండు కార్ట్రిడ్జ్‌లు నా డబ్బుతో బాగుచేసిచ్చా. జల్లెడ సంగతి ఇంట్లో ఇంకా నడుస్తోంది.

చొక్కా దులిపి చన్నీళ్ళలో ఉతకండి. టోనరంటే ప్లాస్టిక్ పొడి, వేణ్ణీళ్ళు తగిలితే గుడ్డకి అంటుకుంటుంది. ప్రింటర్‌లో వేడెక్కే ఫ్యూజర్ కాగితం మీద చేసేదీ అదే పని.

జిరాక్స్ కొట్టు, నర్సీపట్నం:
సరిగ్గా ఏడున్నర! డ్రమ్ మీద సన్నటి గాటుంది. వెనక ఖాళీ ఉన్న పాత కాగితాలు పెడుతూ మా కుర్రాడు పిన్ను తియ్యలేదట. డ్రమ్ విషయంలో ఆయన చెప్పింది నిజమేనన్నమాట. వేస్ట్ సంగతి అడిగితే "అది రేటు వేరే సార్" అన్నాడు.

పాతకాపు:
డ్రమ్ మార్చాలంటే ఎలాగూ ఆ అర విప్పాల్సిందే. రేటు వేరేంటి? ఎదురుగా కూర్చుని చేయించుకోండి. బ్లేడు కూడా చూడమనండి.