గీత దాటడమా, గీత లోపల ఆగడమా?

ఒక హీబ్రూ పలుకుబడికి తెలుగు మాట కావాలి, సాయం పట్టండి. 'లిఫ్నిమ్ మిషూరత్ హదీన్'. యూదుల ధర్మశాస్త్ర చర్చల్లో తరచూ వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు 'చట్టాన్ని మించి' అన్న అర్థంలో రాస్తారు. నేనూ 'చట్టాన్ని దాటి' అని రాసుకుని, మళ్ళీ చదివితే నవ్వొచ్చింది. మన దగ్గర గీత దాటినవాడంటే తప్పు చేసినవాడే కదా!

విడదీస్తే: దీన్ అంటే న్యాయం, షూరా అంటే గీత, లిఫ్నిమ్ అంటే లోపలికి. చట్టం ఎంతదాకా పొమ్మందో అంతదాకా పోకుండా ముందే ఆగడమన్నమాట.

యూదుల ధర్మచర్చల పెద్ద సంకలనం తాల్ముద్‌లో, బావా మెత్సియా అనే భాగం 83వ పత్రంలో ఒక కథ ఉంది. ఒక పండితుడి ద్రాక్షసారా పీపాను కూలీలు పగలగొట్టారు. ఆయన వాళ్ళ పైబట్టలు లాక్కున్నాడు. వాళ్ళు వెళ్ళి రవ్ అనే పెద్ద ధర్మగురువుతో మొరపెట్టుకుంటే, బట్టలు ఇచ్చెయ్యమన్నాడు. "ఇదేనా న్యాయం?" అన్నాడు పండితుడు. "అవును, సజ్జనుల దారిలో నడవమని ఉందిగా" అన్నాడు రవ్. అది హీబ్రూ బైబిల్లో సామెతల గ్రంథం 2:20. కూలీలు ఊరుకోలేదు: పేదవాళ్ళం, పొద్దంతా కష్టపడ్డాం, ఆకలేస్తోంది, చేతిలో ఏమీ లేదు అన్నారు. "అయితే కూలి కూడా ఇవ్వు." "ఇదీ న్యాయమేనా?" "అవును" అని రవ్ అదే వచనం రెండో సగం వినిపించాడు.

ఆ 'సజ్జనుల దారి' దగ్గరే 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ ఈ పలుకుబడిని రాశాడు.

↳ 'ఔదార్యం' అంటే సరిపోదా అండీ?

↳ సరిపోదండీ. ఔదార్యం ఇచ్చేవాడి ఇష్టం. ఇక్కడ రవ్ ఇమ్మని చెబుతున్నాడు, పైగా అదే న్యాయమంటున్నాడు. అదే గ్రంథం 30వ పత్రంలో రబ్బీ యోహనాన్ అనే ఇంకో గురువు ఇంకా గట్టిగా అంటాడు: జెరూసలేం పాడైంది అక్కడివాళ్ళు తోరా, అంటే యూదుల మూల ధర్మగ్రంథం, చెప్పిన న్యాయాన్నే పట్టుకుని, ఈ 'లిఫ్నిమ్ మిషూరత్ హదీన్' పాటించనందుకేనని. 13వ శతాబ్దంలో నఖ్మనీడీస్ అనే యూదు పండితుడు ఒక మాట వాడాడు, 'నావాల్ బిర్షూత్ హతోరా'. తోరా ఇచ్చిన అనుమతితోనే నీచుడైనవాడు. ఒక్క నిషేధమూ మీరడు, అయినా మనిషి కాడు. అలాంటివాళ్ళు మనకూ తెలుసు, పేర్లెందుకు.

↳ ఒక చిన్న సంగతి. యూదుల ధర్మశాస్త్రాన్ని హలఖా అంటారు కదా, దాని మూలధాతువుకు అర్థం నడవడం. మన నడత, నడవడి కూడా నడకలోంచి వచ్చినవే. కాబట్టి 'చట్టం', 'నీతి' అని రెండు అరలు చేసి అనువదిస్తే మొదట్లోనే తప్పటడుగు. నా ఓటు 'విడుపు'కి. పట్టువిడుపుల్లో ఉన్న విడుపే.

↳ 'విడుపు' బాగుందండీ, ముందే ఆగడమన్న రుచి అందులో ఉంది. కానీ బట్టల దాకా ఒప్పుకుంటాను. పీపా పగలగొట్టినవాళ్ళకు కూలి ఎదురివ్వడాన్ని విడుపు అనగలమా? పైగా రవ్ రెండోసారి కూడా 'అవును' అనే అన్నాడు. ఆ 'అవును' ఈ మాటలో ఎక్కడా పట్టడం లేదు. ఇంకేమైనా తడితే రాయండి.