అప్‌డేట్: 9 లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ అమ్మలేదు

మా 2011 మోడల్ ఆరు టైర్ల లారీ నీలిపొగ వదులుతోంది, ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది, నాలుగున్నర లక్షలకు బేరం వచ్చింది, ఇచ్చేయమంటారా అని పోయిన నెల అడిగాను. సలహాలు చెప్పిన అన్నలందరికీ థాంక్స్.

"ఇంజిన్ దించేముందు టర్బో పైపు ఊడదీసి చూడు" అన్న మాటే పనిచేసింది (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం). అంతకుముందు ఒక మెకానిక్ చూడకుండానే ఇంజిన్ బోరుకొచ్చిందన్నాడు, అంటే సిలిండర్లు అరిగిపోయాయని, లక్షన్నర పైనే అవుతుందన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో వేరే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చెయ్యి అడ్డం పెట్టాడు, ఆవిరి పెద్దగా తన్నలేదు, అంటే సిలిండర్లు అంతగా అరగలేదన్నమాట. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కూడా నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానంగానే ఉంది. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచే భాగం) వెళ్లే పైపు ఊడదీస్తే లోపల ఆయిల్ చారలు కారుతున్నాయి. టర్బో షాఫ్ట్ వేలితో కదిపితే లొడలొడ! ఆయిల్ పోతోంది అక్కడినుంచే. టర్బో మార్చడానికి కూలీతో కలిపి 31 వేలు అయింది. రెండు వారాలైంది, పొగ లేదు, డిప్‌స్టిక్‌లో (ఆయిల్ కొలిచే పుల్ల) ఆయిల్ దాదాపు అలాగే ఉంది.

ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) అనవసరంగా సర్వీస్ చేయించాను, ఆ డబ్బు దండగ.

చాసిస్‌కి (లారీ కింది ఫ్రేమ్) పగుళ్లు, తుప్పు ఉన్నాయేమో కూడా చూపించాను, బాగానే ఉంది. అది పోయుంటే మాత్రం మర్నాడే అమ్మేసేవాణ్ణి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పదు కదా, వచ్చే ఎఫ్‌సీ దాకా తిప్పి అప్పుడు మళ్లీ లెక్క చూస్తా.