బాతుల పద్యంలో ఆ ఆడపిల్లలు ఎందుకున్నారు?

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో నిద్రపోయే బాతుల మీద ఒక పద్యం ఉంది. దాని చివర పైరు కాసే ఆడపిల్లలు నవ్వుతారు. "చివర్లో ఆ పిల్లలెందుకు, పద్యపాదం నింపడానికా?" అని ఒక మిత్రుడు అడిగారు. ముందు పద్యం:

తలఁ బక్షచ్ఛటఁ గ్రుచ్చి బాతువులు కేదారంపుఁ గుల్యాంతర
స్థలి నిద్రింపఁగఁ జూచి యారెకు లుషస్స్నాత ప్రయాత ద్విజా
వలి పిండీకృత శాటులన్ సవిఁ దదావాసంబుఁ జేర్పంగ రే
వుల డిగ్గన్ వెసఁ బాఱు వానిఁ గని నవ్వున్ శాలిగోప్యోఘముల్

ఇది మొదటి ఆశ్వాసం, శ్రీవిల్లిపుత్తూరు వర్ణన. మడుల మధ్య కాలవల్లో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతున్నాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండిన బట్టలు మరిచిపోయారనుకుని, ఇళ్లకు చేర్చుదామని తలారులు, అంటే ఊరి కావలివాళ్లు, రేవులోకి దిగారు. బాతులు పరుగో పరుగు. పైరు కాసే ఆడపిల్లలు నవ్వారు.

గైడ్లలో భ్రాంతిమదలంకారం (ఒకదాన్ని చూసి మరొకటనుకోవడం) అని రాసి వదిలేస్తారు. మార్కులకు అది చాలు. కానీ ఆ భ్రాంతి దేనిమీద నిలబడిందో చూడండి. తెల్లని బాతులని మనమే ఊహించుకుంటాం గానీ, పద్యంలో రంగు ఊసే లేదు. ఉన్నది ఆకారం. మెడ కనిపిస్తే బాతు, దాచేస్తే పిండి ఉండచుట్టిన గుడ్డ. అందుకే రాయలు ఎత్తుకోవడమే 'తల'తో ఎత్తుకున్నాడు. ఆ పరుగు కూడా కల్పన కాదు. బాతులు, ముఖ్యంగా గుంపు అంచున ఉన్నవి, ఒక కన్ను తెరిచే కునుకు తీస్తాయి. మనిషి దగ్గరికొస్తే ఇట్టే కదులుతాయి.

ఇక ఆడపిల్లలు. కంకుల మీద వాలే పిట్టల్ని తోలడమే వాళ్ల పని, పొద్దస్తమానం చూసేది పక్షుల్నే. ఏది మూటో ఏది బాతో వాళ్లకి గట్టు మీంచే తెలుసు. ఊరి సొత్తు కాపాడే తలారులకేమో కాలవలో కూడా ఎవరిదో సొత్తే కనిపించింది! వాళ్లు మూర్ఖులని కవి అనలేదు, నిజానికి మంచి పనికే దిగారు పాపం. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన రాజు రాసిన పద్యంలో, కావలివాళ్ల కన్నా చేలో పిల్లలకే ఎక్కువ తెలిసింది. వాళ్లని తీసేస్తే మిగిలేది ఒక పొరపాటు, అంతే. దాన్ని చూసి నవ్వేవాళ్లు ఉండరు.

'వానిఁ గని' అంటే తలారుల్ని చూసి అని కొందరు రాశారు. కుదరదు. తలారులైతే 'వారిఁ గని' కావాలి. పరుగెత్తేది బాతులు, చూసింది బాతుల్ని. నవ్వింది మాత్రం తలారుల మీదే.