రెండో సెట్ చక్రాలకు ప్రెషర్ సెన్సర్లు: పాత ఐడీలు కాపీ చేయొచ్చా?

రెండో_సెట్:
అందరికీ నమస్తే. నా బండి సయాన్ ఎఫ్ఆర్-ఎస్ (టయోటా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు), 2013 మోడల్. ట్రాక్ డేలకని (సొంత బండిని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజులు) విడిగా నాలుగు 17x9 రిమ్ములు, 245/40 టైర్లు కొన్నాను. ఇంకా టైర్లు ఎక్కించలేదు, అందుకే ఇప్పుడే అడుగుతున్నా. పాత 17x7 రిమ్ముల్లో టైరు గాలి కొలిచే కంపెనీ సెన్సర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. కొత్తవాటికి మామూలు వాల్వులు వేయిస్తే డాష్‌బోర్డులో టైరు గాలి గురించి హెచ్చరించే పసుపు లైటు ఆరదు కదా. పోనీ సెన్సర్లే వేయిద్దామంటే, సెట్ మార్చిన ప్రతిసారీ బండి తెచ్చి సెన్సర్ల ఐడీలు (గుర్తింపు నంబర్లు) బండి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుపోవాలంటున్నాడు షాపతను. ఆ తిరుగుడు నావల్ల కాదు. పాత సెన్సర్ల ఐడీలనే కొత్తవాటిలోకి కాపీ చేయొచ్చని ఎక్కడో చదివాను. చేసినవాళ్లున్నారా? అందులో తిరకాసు ఏమైనా ఉందా?

నల్లటేపు:
లైటు మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించండి, గొడవ వదిలిపోతుంది. ట్రాక్‌లో ఎలాగూ గేజ్ పెట్టే చూస్తాం. ఆ లైటు కొత్తగా చెప్పేదేముంది?

బీడ్‌బ్రేకర్:
టేపు సంగతి తర్వాత చూద్దాం. రెండో_సెట్ గారూ, ముందు ఒకటి చెప్పండి. ఈ చక్రాల మీదే రోడ్డున ట్రాక్‌కి వెళ్తారా, లేక బండిలో వేసుకెళ్లి అక్కడ మారుస్తారా? వెనక సీటు మడిస్తే నాలుగు చక్రాలూ పట్టేలా ఈ బండిని కావాలనే చేశారు కాబట్టి అడుగుతున్నా. నా సలహా దాన్నిబట్టి ఉంటుంది.

ఈలోపు అసలు సంగతి. ప్రతి సెన్సర్‌కీ దానిదే అయిన ఒక ఐడీ ఉంటుంది. తన దగ్గర రాసి ఉన్న ఐడీలు చెప్పేదే బండి కంప్యూటర్ వింటుంది, మిగతావి ఎంత అరిచినా పట్టించుకోదు. మీ బండిలో రాసుకునే చోటు నాలుగింటికే. కొత్త ఐడీలు రాయాలంటే ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్‌తో మాట్లాడే సాకెట్) టూల్ తగిలించాల్సిందే. కాబట్టి షాపతను మిమ్మల్ని ఏమార్చడం లేదు. కొన్ని లెక్సస్ బండ్లలో రెండు సెట్లు గుర్తుపెట్టుకునే సౌకర్యం ఉంది, మీట నొక్కితే మారిపోతుంది. కొర్వెట్ వాళ్లు చిన్న టూల్ పట్టుకుని ఎడమ ముందు, కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక అని వరసగా ఒక చుట్టు తిరిగితే హారన్ కూస్తుంది, పని అయిపోయినట్టే. పోర్షలు కాసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి. కొన్ని గోల్ఫ్ జీటీఐ లాంటివాటిలో చక్రంలో ప్రెషర్ సెన్సరే ఉండదు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) చక్రాల వేగం చూసి లెక్క కడుతుంది. మీకు ఆ అదృష్టాలేవీ లేవు.

అందుకే కాపీ చేయడమే మీకు సుఖం. ప్రోగ్రామబుల్ సెన్సర్లని ఖాళీవి దొరుకుతాయి. పాత చక్రం వాల్వు దగ్గర టూల్ పెడితే అది 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌తో లోపలి సెన్సర్‌ని నిద్రలేపుతుంది. సెన్సర్ తన ఐడీ, ప్రెషర్, లోపలి గాలి వేడి చెబుతుంది. ఆ ఐడీనే ఖాళీ సెన్సర్‌లో రాస్తారు. మీరు చక్రాలు మార్చిన సంగతి బండికి తెలియనే తెలియదు. మీ డాష్‌బోర్డు ఏ చక్రంలో ఎంత గాలి ఉందో చూపించదు, ఉన్నది ఒక్క లైటే. కాబట్టి ఏది ఏ మూలకి వేశామన్న తలనొప్పి కూడా లేదు.

ఒక తొందర మాత్రం ఉంది. సెన్సర్ బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. దాన్ని లోపల సీల్ చేసేస్తారు, మార్చే వీలుండదు. మీవి 2013 నాటివే అయితే ఇప్పటికే బోనస్ మీద బతుకుతున్నాయి. చచ్చిపోయిన సెన్సర్‌ని టూల్ లేపలేదు. అవి మాట్లాడుతుండగానే నాలుగు ఐడీలూ చదివించి ఫోటో తీసి పెట్టుకోండి. రేపు పాతవి పోయినా వాటి స్థానంలో కొత్త ఖాళీవి కొని అవే ఐడీలు రాయించుకోవచ్చు, బండిని ముట్టుకోనక్కర్లేదు.

గొట్టం_ఐడియా:
ఇంత ఖర్చెందుకు అన్నా? పాత నాలుగు సెన్సర్లూ తీసి పీవీసీ గొట్టంలో పెట్టి, రెండు వైపులా మూసి, 35 పీఎస్ఐ గాలి కొట్టి డిక్కీలో పడేయండి. ఏ చక్రాలు వేసినా జన్మలో లైటు రాదు.

బీడ్‌బ్రేకర్:
జ్వరం వచ్చినవాడి నోట్లోంచి థర్మామీటర్ తీసి మంచినీళ్ల గ్లాసులో పెట్టినట్టుంది తమ్ముడూ. పైగా సెన్సర్ చక్రం తిరిగితేనే పూర్తిగా మేలుకుంటుంది, సుమారు నిమిషానికోసారి మాట్లాడుతుంది. డిక్కీలో తిరగని గొట్టంలో చాలా సెన్సర్లు నిద్రపోతాయి, కంప్యూటర్ వాటికోసం వెతికి వెతికి లైటు వేస్తుంది. స్టార్ట్ చేయగానే దాదాపు నిమిషం పాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే అదే అర్థం, సెన్సర్ మాట వినపడటం లేదని. మిణకకుండా నేరుగా వెలిగితే గాలి తగ్గినట్టు. ఈ తేడా నల్లటేపు గారికి కూడా పనికొస్తుంది, టేపు తీస్తే.

రెండో_సెట్:
చాలా థాంక్స్ అండీ. దగ్గర ట్రాక్ అయితే ఈ చక్రాల మీదే వెళ్లి వాటి మీదే తిరిగొస్తాను. దూరమైతే వెనక వేసుకెళ్లి అక్కడ మారుస్తాను. అంటే మీరు చెప్పిన రెండూ. ఇంకో సందేహం, రబ్బరు వాల్వు సెన్సరా, మెటల్‌దా?

బీడ్‌బ్రేకర్:
రోడ్డు మీద కూడా నడుపుతారంటే సెన్సర్లు వేయించాల్సిందే. హైవే మీద మేకు దిగి గాలి మెల్లగా పోతుంటే చెప్పేది అవే. ట్రాక్ వరకే అయితే నేను కూడా టేపు పార్టీలోనే చేరేవాణ్ణి.

మీరడిగిన తిరకాసు ఆ రెండో పద్ధతిలో ఉంది. దూరం వెళ్లేటప్పుడు బండి కింద ఒక సెట్, బండి లోపల ఇంకో సెట్, రెండింటికీ ఒకే ఐడీలు. లోపల ఉన్నవి తిరగవు కాబట్టి ఎక్కువగా నోరు మెదపవు. కానీ కొన్ని రకాల సెన్సర్లు ఊరికే ఉన్నా అప్పుడప్పుడూ ఒక మాట పంపుతాయి. గాలి గబుక్కున తగ్గితే మాత్రం నిద్రలో ఉన్నా వెంటనే అరుస్తాయి. లోపలి సెట్‌లో గాలి తక్కువుంటే, కింద అన్నీ బాగున్నా లైటు వెలగొచ్చు. అందుకని బండిలో వేసుకెళ్లేటప్పుడు వాటిలో రోడ్డు ప్రెషరే ఉంచండి. గాలి తీయడం ట్రాక్‌కి చేరి చక్రాలు మార్చాకే.

ఇంకోటి, దీన్ని చాలామంది సెన్సర్ చెడిపోయిందనుకుంటారు. లోపలి గాలి 5, 6 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు గట్టిగా తిప్పితే 6, 7 పెరగడం మామూలే. వేడి మీద 33 ఉండాలని గాలి తీస్తారు. బండి చల్లారాక చూస్తే 26. అమెరికా నియమం ఎఫ్ఎంవీఎస్ఎస్ 138 ప్రకారం, తలుపు దగ్గరి స్టికర్ మీద ఉన్నదానికంటే 25 శాతం తగ్గేసరికి లైటు వెలగాలి. స్టికర్ 35 అంటుంటే ఆ గీత 26 దగ్గరే. మీ 245 టైరుకి ఎంత చాలో దానికి అనవసరం, స్టికర్ లెక్కే దాని లెక్క. కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు, టైర్లు చల్లారాక, గాలి కొట్టుకుని బయల్దేరండి. చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో ఉంచుకుంటే చాలు.

వాల్వుకొస్తే, మెటల్‌దే. రబ్బరు స్నాప్-ఇన్ వాల్వులు (నట్టు లేకుండా రంధ్రంలోకి లాగి కూర్చోబెట్టేవి) గంటకి 210 కిలోమీటర్ల వేగం దాటే వాడకానికి పనికిరావు. మీ ట్రాక్‌లో అంత పొడుగు స్ట్రెయిట్ లేకపోయినా సరే, మెటల్‌దే వేయించండి. లోపలి వాల్వు కోర్ (గాలిని ఆపే చిన్న పిన్ను) నికెల్ పూత ఉన్నదే ఉండాలి. అల్యూమినియం కాడలో మామూలు ఇత్తడి కోర్ వేస్తే తుప్పు పట్టి అతుక్కుపోతుంది, లాగితే కాడే విరుగుతుంది. మూతలు కూడా ప్లాస్టిక్‌వే. రంగు రంగుల మెటల్ మూతలు ఫోటోలకి బాగుంటాయి, అంతే.

టైరు ఎక్కించకముందే సెన్సర్‌ని ఖాళీ రిమ్ములో బిగించి చూడండి. కొన్ని బయటి రిమ్ముల్లో వాల్వు రంధ్రం వాలు వేరుగా ఉంటుంది. సెన్సర్ పెట్టె రిమ్ము గాడిలోకి ఒదగాలి. పైకి లేచి నిలబడితే టైరు బీడ్ (రిమ్ముని పట్టుకుని కూర్చునే టైరు అంచు) దాన్ని తన్నుకుంటూ పోతుంది. మీ రిమ్ము 9 అంగుళాల వెడల్పు కాబట్టి చోటు ఉంటుంది, అయినా కళ్లతో చూసుకోండి. నట్టు ఎంత బిగించాలో సెన్సర్ కాగితంలో న్యూటన్ మీటర్లలో ఇస్తారు, చాలా చిన్న సంఖ్య. నట్లు బిగించే గాలి గన్‌తో బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. మిషను మీద బీడ్ విడగొట్టేటప్పుడు బ్లేడు వాల్వుకి ఎదురు వైపు పడాలి. ఇది తెలియని షాపులో సెన్సర్ బతికి బయటపడదు.

బ్యాలెన్సింగ్ సెన్సర్ పెట్టాకే చేయించాలని చెప్పనక్కర్లేదనుకుంటా.

రెండో_సెట్:
స్పష్టంగా అర్థమైంది. రేపే ఐడీలు చదివిస్తాను. ఆర్డర్ పెట్టేముందు ఫ్రీక్వెన్సీ ఒక్కటి చెప్పండి, 315, 433 అని రెండు కనిపిస్తున్నాయి.

బీడ్‌బ్రేకర్:
మీది అమెరికా బండి, 315 మెగాహెర్ట్జ్. యూరప్ బండ్లకి 433. కొన్ని ఖాళీ సెన్సర్లు రెండూ పలుకుతాయి, అలాంటివి దొరికితే ఆలోచించకుండా తీసుకోండి. ఒక్క ఫ్రీక్వెన్సీదైతే డబ్బా మీద 315 అని చూశాకే విప్పండి, విప్పినవి వెనక్కి తీసుకోరు.