స్పిట్‌ఫైర్ మోడల్ చూడటానికి పిలిచారు. ఏం గమనించాలి?

ప్రశ్న:
నమస్కారం అండి. మా బావమరిది ఆరు నెలలు కూర్చుని 1/72 స్కేల్‌లో (అసలులో 72వ వంతు) స్పిట్‌ఫైర్ మార్క్ 1 అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం మోడల్ కట్టాడు. పక్కన యూఎం అనే అక్షరాలున్నాయి. ఆదివారం చూడటానికి రమ్మన్నాడు. నాకు విమానాల గురించి తెలియదు. ఊరికే "బాగుంది" అని వచ్చేస్తే వాడి కష్టాన్ని చూడనట్టే అవుతుంది. ఏం చూడాలి, ఏం అడగాలి?

జవాబు:
ముందు మోడల్‌ని మీరు ఎత్తకండి. కాక్‌పిట్ వెనక ఉండే యాంటెన్నా స్తంభం వేలు తగిలితే చాలు, విరిగిపోతుంది. అతన్నే తిప్పి చూపించమనండి.

అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. మోడల్‌లో అది 15.6 సెంటీమీటర్లే, అంటే మన అరచేతిలో పట్టేంత. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి, రెక్క వచ్చి ఒంటికి కలిసే చోట చూడండి. అతుకు గీత కనబడకపోతే పుట్టీ పెట్టి, ఎమరీ పేపర్‌తో ఎంత ఓపిగ్గా రుద్దాడో అర్థమవుతుంది. మోడల్ మీద అంటించే అంకెలు, గుర్తులు స్టిక్కర్లలా కాకుండా రంగుతో వేసినట్టు కనబడాలి. వాటి కింద గాలి చిక్కుకుంటే వెండిలా మెరుస్తుంది.

తర్వాత అడుగుభాగం చూపించమనండి. నాకైతే అసలు పనితనం అక్కడే కనిపిస్తుంది. కుడి రెక్క కింద పెద్ద రేడియేటర్, ఎడమ రెక్క కింద సన్నటి ఆయిల్ కూలర్ ఉంటాయి. రెండు వైపులా ఒకేలా లేవని తప్పనుకోకండి, మార్క్ 1 అలాగే ఉండేది. రంగు పెచ్చులూడినట్టు వేసి ఉంటే, ఎడమ రెక్క మొదట్లో ఎక్కువగా ఉండాలి. పైలట్ ఎక్కే తలుపు ఆ వైపే.

ఇంకో జవాబు:
యూఎం అంటే బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్ (విమానాల దళం) అండి! దాని పేరులోనే హైదరాబాద్ ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరు. బ్యాడ్జి మీద కూడా నిజాం తలపాగానే. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరం దగ్గర వామ్‌వెల్ నుంచి ఎగిరారు. ఆ స్క్వాడ్రన్‌నే ఎందుకు ఎంచుకున్నావని తప్పకుండా అడగండి.

ప్రశ్న అడిగినవారు:
వెళ్లి చూసొచ్చాను. అతుకులు ఎక్కడా దొరకలేదు. ఒక్క సందేహం. రెక్కల ముందు అంచున ఎర్రటి అతుకుముక్కలు ఎనిమిదీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, కానీ రెక్క కింద మసి చారలున్నాయి. పొరపాటా?

జవాబు:
కాదండి. ఆ ముక్కలు ఎనిమిది మెషిన్‌గన్ల మూతులకు అంటించిన గుడ్డ. తుపాకులు గడ్డకట్టకుండా, లోపలికి దుమ్ము పోకుండా అంటించేవారు. కాల్చగానే అవి చిరిగిపోతాయి, మసి వెనక్కి పాకుతుంది. కిందికి దిగాక తూటాలు నింపి, మళ్లీ కొత్త గుడ్డ అంటిస్తారు. మసి మాత్రం మిగులుతుంది. మీ బావమరిది ఒకసారి పోరాడి వచ్చి, మళ్లీ బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న విమానాన్ని కట్టాడు. ఈ మాట ఫోన్ చేసి చెప్పండి.